సంగీత్ స్టెప్పులు వచ్చినంత మాత్రాన సల్సా వచ్చినట్టు కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే చాలు, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర, కరెంటు స్తంభాల మీద ‘పది రోజుల్లో సల్సా’, ‘వారంలో కపుల్ డాన్స్’ అంటూ బోర్డులు వెలుస్తాయి. సంగీత్ రాత్రి కొత్త జంట ఒక పాటకు నాలుగు నిమిషాలు ముచ్చటగా ఆడితే చూడ్డానికి బాగుంటుంది, అందుకు పది రోజులు చాలు కూడా. చిక్కల్లా ఆ తర్వాతే. అదే జంట రెండు నెలలు పోయాక సరదాపడి సల్సా సోషల్‌కి, అంటే తెలిసినా తెలియకపోయినా ఎవరితోనైనా జతగా ఆ ఆట ఆడే డాన్స్ పార్టీకి వస్తుంది. అక్కడ పాట వేరే, ఎదురుగా నిలబడ్డ మనిషి వేరే. కంఠతా పట్టిన వరస ఎక్కడ ఎత్తుకోవాలో అంతుపట్టదు. రెండు పాటలసేపు గోడకు ఆనుకుని నిలబడి, కూల్‌డ్రింక్ ఖాళీ చేసి, ‘మనవల్ల అయ్యే పని కాదులే’ అని ఇంటిదారి పడతారు. వాళ్లకు ఆట రాదనలేం. నేర్పినవాళ్లు వేరే ఆట నేర్పి దానికి సల్సా పేరు పెట్టారు, అంతే.

మేం సోషల్ డాన్స్ నేర్పేవాళ్లం. కొత్తగా రావాలనుకునేవాళ్లు దేనితో మొదలుపెట్టాలో, ఎక్కడ, ఎందుకు తడబడతారో మీ పాఠకులకు వివరంగా చెబుదామని ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

సోషల్‌లో ముందుగా కుదుర్చుకున్న వరస అంటూ ఏదీ ఉండదు. డీజే ఏ పాట వేస్తాడో తెలియదు, ఎవరితో ఆడతామో తెలియదు. లీడ్ చేసేవారు చేతితో, ఒంటి కదలికతో ఒక ప్రతిపాదన చేస్తారు, ఫాలో చేసేవారు దాన్ని అందుకుంటారు. మగవాళ్లే లీడ్ చేయాలని, ఆడవాళ్లే ఫాలో కావాలని రూలేమీ లేదు. రెండూ నేర్చుకున్నవాళ్లే చివరికి బాగా ఆడతారు. హైదరాబాద్ సోషల్స్‌లో ఎక్కువగా వినిపించేది సల్సా, దాని పక్కనే బచాటా అనే ఇంకో జంట ఆట. కాబట్టి సల్సా సంగతే ముందు.

సల్సా కులగోత్రాలు వెతికితే క్యూబా సంగీతరీతులైన సోన్, మాంబో తగులుతాయి. న్యూయార్క్‌లో స్థిరపడ్డ క్యూబా, ప్యూర్టోరికో సంగీతకారుల చేతుల్లో అది ఇప్పటి రూపానికి వచ్చింది. 1964లో జానీ పచేకో, జెర్రీ మసూచీ కలిసి పెట్టిన ఫానియా రికార్డ్స్ అనే రికార్డుల కంపెనీ దాన్ని ప్రపంచమంతా తిప్పింది. పాటలు స్పానిష్‌లో ఉంటాయి, మాట అర్థం కాకపోయినా నష్టం లేదు. లెక్క అర్థం కాకపోతే మాత్రం అడుగు పడదు.

బేసిక్, అంటే మొదట నేర్చుకునే మూల అడుగుల వరస, ఎనిమిది లెక్కలది, అడుగులు మాత్రం ఆరే. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఆగడం. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిది దగ్గర ఆగడం. లీడ్ ఒకటి మీద ఎడమకాలు ముందుకు వేయాలి. రెండు మీద కుడికాలు ఉన్నచోటే ఎత్తి దించి బరువంతా దాని మీదికి తేవాలి. మూడు మీద ఎడమకాలు మళ్లీ మధ్యకు. ఐదు మీద కుడికాలు వెనక్కి, ఆరు మీద ఎడమకాలు ఉన్నచోటే, ఏడు మీద కుడికాలు మధ్యకు. ఫాలోది దీనికి సరిగ్గా ఎదురు: ఒకటి మీద కుడికాలు వెనక్కి, ఐదు మీద ఎడమకాలు ముందుకు. ఇంతే. అరగంటలో కాళ్లకు వచ్చేస్తుంది. వచ్చేస్తుంది కాబట్టే అందరూ దీన్ని వదిలేసి టర్నుల మీద పడతారు, మూడో వారానికి మళ్లీ ఇక్కడికే తిరిగొస్తారు.

ఈ అడుగులో అసలు పని బరువు మార్చడం. కాలు కదిలించడం వేరు, బరువు మార్చడం వేరు. పరీక్ష తేలిక: లీడ్ అయితే మూడు దగ్గర ఆగి, కుడికాలు నేల మీంచి ఎత్తి చూడండి. తూలకుండా లేస్తే బరువు ఎడమకాలి మీదికి వచ్చినట్టే. కాలు లేవలేదంటే బరువు రెండు కాళ్ల మీదా పంచుకుని నిలబడ్డారన్నమాట. అలాంటప్పుడు ఐదు మీద ఏ కాలు వేయాలో ఒంటికి తెలియదు, తప్పుకాలు పడుతుంది. ‘నాకు స్టెప్పులు గుర్తుండవండీ’ అని క్లాసులో బాధపడేవాళ్లలో చాలామందికి జబ్బు ఇదే, మతిమరుపు కాదు.

రెండోది అడుగు సైజు. సల్సా పాటలు సాధారణంగా నిమిషానికి 160 నుంచి 220 దెబ్బల వేగంలో నడుస్తాయి. 180 అనుకుంటే ఒక్కో లెక్కకు సెకనులో మూడో వంతు దొరుకుతుంది. బారెడు అడుగు వేసి ఆ వ్యవధిలో తిరిగి మధ్యకు రావడం ఎవరివల్లా కాదు. అడుగు మీ పాదం పొడవు దాటకూడదు, పాట వేగం పెరిగేకొద్దీ అడుగు ఇంకా చిన్నదవ్వాలి. వెనక్కి వేసేటప్పుడు వేళ్ల మొదట్లో ఉండే మెత్తటి భాగం ముందు ఆనాలి. మడమ దబ్బున కొడితే ఒళ్లు వెనక్కి వాలిపోతుంది, నిలదొక్కుకోవడానికి ఎదుటివాళ్ల చేతులు పట్టి లాగాల్సి వస్తుంది. నడుము ఊపడం గురించి ఎవరేం చెప్పినా మొదటి నెల పట్టించుకోకండి. బరువు పడ్డ మోకాలు నిటారుగా అవుతూ, రెండోది కాస్త వంగుతూ ఉంటే నడుము తనంతట తనే కదులుతుంది. పనిగట్టుకుని ఊపితే చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

ఇక వినడం. ఇక్కడే ఎక్కువమంది మునుగుతారు, ఇక్కడే క్లాసులు తక్కువ టైము ఇస్తాయి. పాట సమం మీద, అంటే ఆవృతం మొదటి లెక్క మీద, గట్టి దెబ్బ పడాలని మన చెవి ఎదురుచూస్తుంది. సినిమా పాటైనా భజనైనా చాలావరకు అంతే కదా. సల్సాలో బేస్ వాయిద్యం సరిగ్గా అక్కడే మొండికేస్తుంది. ఒకటి కంటే ముందే, అంటే నాలుగో లెక్క మీద, ఎనిమిదో లెక్క మీద మోగేసి, ఒకటి వచ్చేసరికి ఊరుకుంటుంది. ఆ మోతనే ఒకటి అనుకుని అడుగు వేస్తే ఒక లెక్క ముందుంటారు. ఎదుటివాళ్లు సరిగ్గా వేస్తున్నా మీకు వాళ్లే ఆలస్యంగా ఉన్నట్టు అనిపిస్తుంది.

దీనికి రెండు ఆసరాలున్నాయి. కాంగా అనే పొడవాటి డ్రమ్ము మీద నాలుగు దగ్గర ‘దుం-దుం’ అని రెండు దెబ్బలు తెరుచుకుని మోగుతాయి, మళ్లీ ఎనిమిది దగ్గర అవే రెండు. ఆ రెండూ అయిన వెంటనే వచ్చేది ఐదు గానీ ఒకటి గానీ. రెండోది కౌబెల్. పాట సగం దాటి గుంపుగా పాడే భాగం వచ్చాక ఈ గంట ఒకటి, మూడు, ఐదు, ఏడు మీద ఖంగుఖంగుమని మోగుతుంది. కొత్తచెవికి అంతకంటే సాయపడే వాయిద్యం లేదు. ఐదును ఒకటి అనుకోవడం కూడా మామూలే. అది తప్పే గానీ చిన్న తప్పు, అడుగులు దెబ్బ మీదే పడతాయి కాబట్టి ఆట ఆగదు. క్లావే అనే రెండు కర్రల తాళం గురించి ఇంటర్నెట్‌లో బోలెడు వీడియోలున్నాయి. 2-3 క్లావేలో రెండు, మూడు, ఐదు, ఆరున్నర, ఎనిమిది మీద కర్రలు తగులుతాయి. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మొదటి మూడు నెలలు దాని జోలికి వెళ్లొద్దని మా సలహా. ఆ ఆరున్నర పట్టుకోబోయి చేతిలో ఉన్న ఒకటిని పోగొట్టుకుంటారు.

ఆదితాళం ఎనిమిది అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టిన అలవాటున్నవాళ్లకు ఈ ఎనిమిది కొత్త కాదు. జత మారుతున్నా కోపు తప్పకుండా కోలాటం ఆడినవాళ్లకైతే సగం విద్య ముందే వచ్చు. తీన్‌మార్ మాత్రం ఇక్కడ పనికిరాదు. దాని నడక మూళ్లుగా విరుగుతుంది, సల్సాది నాలుగు. బరాత్‌లో ఇరగదీసే కుర్రాళ్లు సల్సా క్లాసులో మొదటి రోజు బిక్కమొహం వేయడానికి కారణం అదే. రెండు వారాలాగితే వాళ్లే అందరికంటే ముందుంటారు, వాళ్లకున్న సత్తువ, సిగ్గులేనితనం రెండూ ఈ ఆటకు కావలసినవే.

ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు చాలు. మొదటి ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చుని పాట పెట్టుకుని ఒకటి, ఐదు మీద మాత్రమే చప్పట్లు కొట్టండి, కాళ్లు కదపొద్దు. తర్వాతి ఐదు నిమిషాలు ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని లెక్క వేసే) ఆప్ పెట్టి నిమిషానికి 140 దెబ్బల దగ్గర మొదలుపెట్టి, పైకి లెక్కపెడుతూ బేసిక్. పైకి అంటే నోటితో వినబడేలా. మనసులో లెక్కపెడితే కాళ్లతోపాటు లెక్క కూడా జారిపోతుంది, తెలియను కూడా తెలియదు. తూలకుండా రెండు నిమిషాలు నడిస్తే పది పెంచండి. 180 దాకా వస్తే సోషల్‌కి వెళ్లొచ్చు. చివరి ఐదు నిమిషాలు పాటకు. ఆ సమయంలో ఫోన్ నేలకు దగ్గరగా, పక్కనుంచి పెట్టి కాళ్లు వీడియో తీసుకోండి. నాలుగు దగ్గర ఆగుతున్నారా, పరుగెడుతున్నారా అన్నది అందులో దొరికిపోతుంది. ఆన్‌లైన్ వీడియోలు చూసి నేర్చుకునేటప్పుడు ఒక చిక్కుంది: నేర్పేవాళ్లు మీకు ఎదురుగా నిలబడితే వాళ్ల ఎడమ మీకు కుడివైపు కనబడుతుంది. వీపు తిప్పి చూపించే వీడియోలే ఎంచుకోండి.

ఇద్దరూ కలిశాక మొదటి విషయం చేతులు. లీడ్ వేళ్లు కొక్కెంలా వంగి ఉండాలి, ఫాలో వేళ్లు వాటి మీద ఆనాలి. బొటనవేళ్లు వదులుగా, పైన ఎవరినీ నొక్కకుండా. కొత్తవాళ్లు భయంలో బొటనవేలు బిగిస్తారు. టర్న్‌లో ఎదుటివాళ్ల మణికట్టు మెలికపడేది దానివల్లే. చేతులు ఫాలో నడుము ఎత్తులో, మోచేతులు ఇద్దరివీ ఒంటికి కాస్త ముందు. లీడ్ ముందుకు వచ్చినప్పుడు ఫాలో మోచేయి పక్కటెముకలు దాటి వెనక్కి పోయిందంటే సంకేతం అక్కడే ఆగిపోయింది, కాళ్ల దాకా చేరదు. అలాగని కర్రలా బిగించనూకూడదు. దీన్ని సరిచేసే సాధన ఒకటుంది. పాట లేకుండా ఎదురెదురుగా చేతులు పట్టుకుని ఫాలో కళ్లు మూసుకోవాలి. లీడ్ ఎనిమిది అడుగులు ముందుకు, ఎనిమిది వెనక్కి నడవాలి, మధ్యలో చెప్పకుండా ఆగాలి. ఫాలో కూడా అదే క్షణంలో ఆగితే చేతుల్లో ఉండాల్సిన బిగి అదే. ఐదు నిమిషాల పని. పది టర్నులు నేర్చుకున్నా దీనంత ఉపయోగం ఉండదని మా ఉద్దేశం.

మొదటి టర్న్ ఫాలోకి కుడివైపు తిరిగేది. ఒకటి, రెండు, మూడు మామూలు బేసిక్. మూడు దాటుతుండగా లీడ్ ఎడమచేయి లేపాలి. ఐదు, ఆరు, ఏడులో ఫాలో మూడడుగుల్లో చుట్టు తిరిగి ముందుకు వస్తుంది. చేయి ఐదు దగ్గర లేపితే అప్పటికే ఆలస్యం, ఫాలో ఎనిమిది దాకా తిరుగుతూనే ఉంటుంది, తర్వాతి ఒకటి పోతుంది. చేయి ఫాలో తల మీద బెత్తెడు ఎత్తున, చిన్న సున్నా చుట్టినంత కదిలితే సరిపోతుంది. మజ్జిగ చిలికినట్టు తిప్పితే తిరిగే మనిషి బ్యాలెన్స్ పోతుంది, భుజం పట్టేస్తుంది. మరీ ఎత్తుగా లేపినా అంతే, మునివేళ్ల మీదికి లేచిపోతారు. ఫాలో వైపు తప్పు ఇంకొకటి. చేయి లేచీ లేవకముందే ‘ఆఁ, టర్నే కదా’ అని తిరిగేయడం. ఒకే పార్ట్‌నర్‌తో నెలల తరబడి ప్రాక్టీస్ చేసేవాళ్లకు ఇది వదలని అలవాటు.

రెండోది క్రాస్ బాడీ లీడ్, అంటే ఫాలోని ఎదుటి వైపు నుంచి ఇవతలికి దాటించడం. లీడ్ ఒకటి, రెండు మామూలుగా వేసి, మూడు మీద ఎడమకాలు పక్కకు వేస్తూ ఎడమవైపు పావు చుట్టు తిరిగి దారి తప్పుకోవాలి. ఐదు, ఆరు మీద ఫాలో ఆ దారిలో ముందుకు నడుస్తుంది, ఏడు మీద తిరిగి ఎదురుగా నిలుస్తుంది. ఈలోగా లీడ్ మరో పావు చుట్టు తిరుగుతాడు. ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. ఇందులో నూటికి తొంభైపాళ్లు తప్పు ఒక్కటే: లీడ్ దారిలోంచి తప్పుకోకుండా అక్కడే నిలబడి, చేత్తో మాత్రం లాగడం. దారి ఉంటే మనిషి నడుస్తుంది, లాగక్కర్లేదు.

బేసిక్, కుడి టర్న్, క్రాస్ బాడీ. ఈ మూడే చాలా అని అడుగుతారు. నాలుగు నిమిషాల పాట 180 వేగంలో ఉంటే అందులో ఎనిమిది లెక్కల చుట్లు 90 వస్తాయి. మూడింటిని అటూఇటూ మార్చి మార్చి వేస్తూ, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి బేసిక్‌కి వస్తూ పాటంతా హాయిగా ఆడొచ్చు. లెక్క తప్పని మూడు స్టెప్పులతో ఆడేవాళ్లతో ఇంకో పాట ఆడాలనిపిస్తుంది. లెక్క లేని ముప్పై స్టెప్పులవాళ్లను చూస్తే మంచినీళ్లు గుర్తొస్తాయి.

ఒకటి మీద మొదలయ్యే పద్ధతిని ఆన్-వన్ అంటారు, పైన చెప్పింది అదే. న్యూయార్క్‌లో ఎడీ టోరెస్ నేర్పి వ్యాప్తి చేసిన ఆన్-టూ వేరు, క్యూబావాళ్లు గుండ్రంగా తిరుగుతూ ఆడే కసీనో వేరు. ఏదైనా మంచిదే. మొదటి మూడు నెలలు మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెట్టకండి. కసీనోలో రుయెదా అని ఒకటుంది: జంటలన్నీ వలయంగా నిలబడితే ఒకరు కేకవేస్తారు, ఆ కేకకు అందరూ ఒకే స్టెప్పు వేసి పార్ట్‌నర్లను మార్చుకుంటారు. 1950ల చివర్లో హవానా క్లబ్బుల్లో పుట్టింది. కోలాటం ఆడిన ఊళ్లవాళ్లు దాన్ని ఒక్కసారి చూస్తే వదిలిపెట్టరు.

బచాటా గురించి రెండు ముక్కలు. డొమినికన్ రిపబ్లిక్ ఆట, యునెస్కో 2019లో వారసత్వ జాబితాలో చేర్చింది. పక్కకు మూడడుగులు, నాలుగు మీద కాలు ఊరికే నేలకు తాకించడం, మళ్లీ ఇటు మూడు. సల్సా కంటే నెమ్మది కాబట్టి మొదటి సోషల్‌లో ధైర్యం వచ్చేది దీనితోనే. తప్పంతా నాలుగో లెక్కలో ఉంది. తాకించాల్సిన కాలి మీద బరువు వేసేస్తే తిరిగి రావడానికి కాలు మిగలదు.

చెప్పులు, బూట్ల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. జాగింగ్ షూస్ అడుగున ఉండే రబ్బరు గాడులు నేలను పట్టుకుంటాయి. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. నున్నటి అడుగున్న పాత ఆఫీసు బూట్లు మొదటి రెండు నెలలకు బ్రహ్మాండంగా సరిపోతాయి. స్వేడ్ (గరుకు తోలు) అడుగున్న డాన్స్ షూస్ తర్వాత కొనుక్కోవచ్చు. వాటితో రోడ్డు మీద నడవకూడదు, తడి తగలనీయకూడదు, అడుగు నల్లగా నిగనిగలాడితే వైరు బ్రష్‌తో గీకాలి. మన హాళ్లలో ఎక్కువగా టైల్స్, గ్రానైటు నేలలే. వాటి మీద చెమట చుక్క పడితే జారుతుంది, కాబట్టి జేబులో గుడ్డ ఉంచుకోండి. జారడం లేదని టాల్కం పౌడర్ చల్లే మహానుభావులుంటారు, వాళ్లను ఆపండి, పక్క జంట పడిపోతుంది. వెనక పట్టీ లేని చెప్పులు, కొల్హాపురీలు వద్దు. ఆడవాళ్లు మొదటి నెల మడమ లేనివి, తర్వాత రెండు రెండున్నర అంగుళాలు, చీలమండకు పట్టీ ఉన్నవి. సూదిమడమ పక్కవాళ్ల పాదం మీద పడితే ఆ నెలకు వాళ్ల ఆట ముగిసినట్టే.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సినవి రెండున్నాయి. ఒకటి గాజులు. మట్టిగాజులు టర్న్‌లో చేతులు తగిలి పగిలితే ఇద్దరికీ గాయాలే. లోహపువైనా చర్మాన్ని గీరుతాయి. తీసి బ్యాగులో పెట్టండి. మగవాళ్ల స్టీలు కడియం, వేలాడే చెయిను, పెద్ద వాచీ కూడా అంతే. రెండోది జడ. పొడుగు జడ వేగంగా తిరిగినప్పుడు ఎదుటి మొహం మీద కొరడాలా తగులుతుంది, కంట్లో పడితే ప్రమాదం. ముడి వేసుకోవడం మేలు. చున్నీ నడుముకు బిగించండి, లేదా ఇంట్లో వదిలేయండి. గోళ్లు కత్తిరించుకోవాలి. రెండు టీషర్టులు అదనంగా, ఒక చిన్న తువ్వాలు తెచ్చుకోవాలి. ఏసీ ఉన్నా అరగంటకు చెమట తప్పదు, తడిసిన వీపు మీద చెయ్యి వేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. బిర్యానీ తిని, ఉల్లిపాయ కొరికి నేరుగా వచ్చేవాళ్లు దారిలో సోంపు కొనుక్కోండి.

క్లాసు ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. పార్ట్‌నర్లను మారుస్తారా? పాట పెట్టి వేయిస్తారా, నోటి లెక్క మీదే సరిపెడతారా? నెలాఖరుకు స్టేజీ షో ఉంటుందా, సోషల్ ఉంటుందా? మూడోదానికి ‘షో’ అని జవాబొస్తే అది చెడ్డ క్లాసేం కాదు, మీకు కావలసింది అక్కడ లేదు, అంతే. పార్ట్‌నర్ లేకుండా ఒంటరిగా వెళ్లొచ్చు, మారుస్తారు కాబట్టి. జంటగా వచ్చి ‘మేం మారం’ అనేవాళ్లకు నష్టమే ఎక్కువ. లీడ్ సంకేతం ఇవ్వకపోయినా ఇంటిమనిషి ఊహించి తిరిగేస్తుంది, ఆయనగారు తనకు వచ్చేసిందనుకుంటాడు. ఆరు నెలల ఫీజు ఒకేసారి కట్టించుకునే చోట ముందు ఒక్క క్లాసుకు డబ్బు కట్టి చూడండి. మొదట్లో లీడ్‌కి కష్టం ఎక్కువ: లెక్క, కాళ్లు, తర్వాతి స్టెప్పు, పక్క జంటకు తగలకుండా చూడటం, అన్నీ ఒక్కడే. అందుకే లీడ్ నేర్చుకునేవాళ్లలో తొలి నెలలోనే మానేసేవాళ్లు ఎక్కువ. వారానికి రెండు క్లాసులు, రోజూ పైన చెప్పిన పదిహేను నిమిషాలు ఉంటే రెండు మూడు నెలల్లో కుదుటపడతారు.

‘పరాయివాళ్ల చెయ్యి పట్టుకోవడమేంటి’ అని ఇళ్లలో వచ్చే సందేహం సహజమే. దానికి జవాబు ఆట నియమాల్లో ఉంది. నోరు తెరిచి ‘ఈ పాట ఆడదామా’ అని అడగాలి, చెయ్యి పట్టి లాక్కెళ్లకూడదు. వద్దు అంటే వద్దు, కారణం అడగకూడదు, బతిమాలకూడదు. ఆడవాళ్లు కూడా వెళ్లి అడగొచ్చు, అడగాలి. దగ్గరగా పట్టుకుని ఆడటమా, చేయిజాపు దూరంలోనా అన్నది ఇద్దరిలో ఎవరు ఎక్కువ దూరం కోరుకుంటే వాళ్ల మాటే చెల్లుతుంది. ముఖ్యంగా బచాటాలో. పరిచయం లేనివాళ్లను వెనక్కి వంచే డిప్‌లు వేయకూడదు, నడుములు పట్టేస్తాయి. ఒక పాట అయ్యాక థాంక్స్ చెప్పి విడిపోవచ్చు, నచ్చకపోతే మధ్యలోనూ ఆపొచ్చు. ఎవరైనా హద్దు మీరితే నిర్వాహకులకు అప్పుడే చెప్పండి. ఆ మనిషిని బయటికి పంపే ధైర్యం లేని నిర్వాహకుల సోషల్‌కి మళ్లీ వెళ్లక్కర్లేదు.

ఇంకొక జబ్బు, ఫ్లోర్ మీద పాఠాలు. మూడు నెలలు నేర్చుకున్నవాళ్లు మూడు వారాలవాళ్లకు పాట మధ్యలో ఆపి సరిదిద్దుతుంటారు. అడగనిదే చెప్పకండి. నొప్పి కలుగుతుంటే మాత్రం వెంటనే ‘చెయ్యి నొప్పిగా ఉంది, వదులుగా పట్టుకోండి’ అనేయండి, అది పాఠం కిందికి రాదు. సల్సా జంట ఒక సన్నటి బద్దలాంటి జాగాలో ముందుకూ వెనక్కూ కదులుతుంది. పక్క జంట ఏ దిక్కున ఆడుతోందో చూసుకుని మీరూ అదే దిక్కున నిలబడితే సగం ఢీకొట్టడాలు తగ్గుతాయి. తగిలితే తప్పు ఎవరిదైనా చేయి చూపించి సారీ చెప్పాలి. గ్లాసు పట్టుకుని ఫ్లోర్ మీదికి రావద్దు.

మొదటిసారి వెళ్లేవాళ్లు పెందలాడే వెళ్లండి. చాలా సోషల్స్‌లో మొదటి గంట కొత్తవాళ్లకు చిన్న క్లాసు ఉంటుంది. అక్కడ కలిసిన మొహాలే తర్వాత ఫ్లోర్ మీద కనబడతాయి, అడగడానికి బెరుకుండదు. రాత్రి పొద్దుపోయేకొద్దీ పాటల వేగం పెరుగుతుంది, ఫ్లోర్ నిండుతుంది.

మా తోటి డాన్స్ స్కూళ్లవాళ్లకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. సంగీత్ కొరియోగ్రఫీ నేర్పితే బోర్డు మీద ఆ మాటే రాయండి, డబ్బులెలాగూ వస్తాయి. సల్సా అని రాస్తే మాత్రం నెలాఖరున ప్రతి విద్యార్థికీ ఒక పరీక్ష పెట్టండి: ఎన్నడూ వినని పాట, ఎన్నడూ ఆడని పార్ట్‌నర్, రెండు నిమిషాలు, బేసిక్, కుడి టర్న్ మాత్రమే. లెక్క తప్పితే ఆగి, విని, మళ్లీ అందుకోవడం వచ్చిందో లేదో చూడండి. రాకపోతే ఆ విద్యార్థిని తర్వాతి నెల కొత్త టర్నుల బ్యాచ్‌లోకి ఎక్కించకుండా, ఫీజు తీసుకోకుండా మళ్లీ మొదటి బ్యాచ్‌లో కూర్చోబెట్టండి.

ఇట్లు,
సోషల్ డాన్స్ నేర్పే కొందరు ఉపాధ్యాయులు,
హైదరాబాద్